కచేరీని కోయకండి: ఎమ్మెస్ రికార్డులు వినడం, దాచడం

(రసికుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్ని చివర చేర్చాం.)

అందరికీ నమస్కారం.

కర్ణాటక సంగీత గాయని ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ముందు లేచే ప్రశ్న ఒకటే. ఆమె కచేరీల్లో ఏది గొప్పది? ఒకరు 1966 ఐక్యరాజ్యసమితి అంటారు. ఇంకొకరు 1977 న్యూయార్క్ కార్నెగీ హాల్ అంటారు. మూడోవారు కాస్త గొంతు తగ్గించి, "మా దగ్గర ఒక మద్రాసు డిసెంబర్ కచేరీ ఉంది, మీరెవరూ విని ఉండరు" అని ఊరిస్తారు. ఇవాళ నేను మాట్లాడేది ఎక్కువగా ఈ మూడోవారితోనే. ఎందుకంటే వారి దగ్గర ఉన్నది చాలాసార్లు కచేరీ కాదు. కచేరీలోంచి కోసి తీసిన ఆరేడు పాటలు. మొదట పాడే వర్ణం పోయింది, వయొలిన్ రాగం పోయింది, తని (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) పోయింది, మధ్యలో తంబురా సరిచేసుకున్న అరనిమిషం పోయింది. మిగిలినదాన్ని పట్టుకుని కచేరీ గొప్పదా కాదా అని తేల్చడం ఎలాగండీ?

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కచేరీ రికార్డు దొరికితే దాన్ని మొదటి చప్పుడు నుంచి చివరి చప్పుడు దాకా ఒకే వస్తువుగా ఉంచండి. వినడానికీ అదే మంచిది, దాచడానికీ అదే మంచిది, తేదీ తేల్చడానికీ అదే ఆధారం. ఆ మూడూ కలిసే ఉంటాయి.

వినడం సంగతి ముందు చూద్దాం. ఎమ్మెస్ కచేరీలో ఏ పాట తర్వాత ఏ పాట అన్నది అప్పటికప్పుడు తోచి పాడింది కాదు. ఆమె భర్త సదాశివం గారు ఊరు, సభ, సందర్భం, వచ్చే శ్రోతలు అన్నీ చూసి పట్టిక ముందే వేసేవారన్నది అందరికీ తెలిసిన విషయమే. రాగాలు ఒకదాన్నొకటి కొట్టుకోకుండా, తాళాలు మారుతూ, తెలుగు, సంస్కృతం, తమిళం, కన్నడం, హిందీ భజన దాకా వరుస కుదిరి ఉంటుంది. హంసధ్వని తర్వాత ఏం వచ్చింది, ప్రధాన రాగానికి ముందు ఏ చిన్న కృతి చురుగ్గా పాడి వదిలారు, ఇవి చూస్తేనే ఆ కట్టుబడి తెలుస్తుంది. విడి పాటల్లో ఇదేదీ కనబడదు.

ఇక ప్రధాన భాగం. ఉదాహరణకు త్యాగరాజస్వామి శ్రీరంగ పంచరత్నాల్లోని "ఓ రంగశాయీ" తీసుకోండి. రాగం కాంభోజి, ఆదితాళం, రెండు కళల చౌకం, అంటే తాళం నిదానంగా నడిచేది. ఇది ఆమె ముద్ర పడిన కృతి అని వేరే చెప్పక్కర్లేదు. సభలో తీరిగ్గా పాడినప్పుడు రాగం (మాటల్లేని ఆలాపన), కృతి, నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడడం), స్వరం (సరిగమలు అప్పటికప్పుడు అల్లడం) కలిసి అరగంట దాటి ముప్పావుగంట దాకా వెళుతుంది. తని దీనికి అదనం. ఇందులో ఏం వినాలి?

కాంభోజి ఆరోహణలో నిషాదం లేదు, అవరోహణలో కైశికి (కింది) నిషాదం ఉంది. కానీ "స ని ప ద స" అనే ఒక్క ప్రయోగంలో కాకలి (పై) నిషాదం అన్యస్వరంగా, అంటే రాగానికి చెందని స్వరంగా, తొంగిచూస్తుంది. ఆలాపనలో అది ఎక్కడ పడింది, ఎన్నిసార్లు పడింది అని గమనించండి. అదే పనిగా వేసే అలంకారం కాదది, పొదుపుగా వాడితేనే అందం. తర్వాత పంచమం దగ్గర నిలబడటం, తారషడ్జం (పై స) చేరడానికి ముందు ఎంతసేపు ఊరించారు, చేరాక ఎంతసేపు నిలిపారు. ఆ తారషడ్జం మీద గొంతు తంబురాలో కలిసిపోయే క్షణం కోసమే సగంమంది రికార్డు పెడతారు. పెట్టండి, తప్పులేదు. అయితే ఆ వెంటనే వయొలిన్ విద్వాంసుడు అదే రాగాన్ని అయిదారు నిమిషాల్లో ఎలా తిప్పి చెప్పాడో కూడా వినండి. అభిమానులు మొదట కత్తిరించేది దాన్నే. ఆమె వదిలిన సంచారాల్లో వేటిని అందుకున్నాడు, వేటిని వదిలేశాడు అన్నది తెలిస్తే ఆమె రాగం రెండోసారి వేరుగా వినిపిస్తుంది.

చరణంలో "భూలోక వైకుంఠము" దగ్గర నెరవు. ఇక్కడ మాటలు విరగకుండా, తాళంలో వాటి చోటు మారకుండా సాహిత్యం తిరుగుతూ ఉంటుంది. తెలుగు తెలిసిన మనకు ఇది అదృష్టం. మాట ఎక్కడ తెగితే అర్థం చెడుతుందో మన చెవికి వెంటనే పడుతుంది. ఎమ్మెస్ ఉచ్చారణ శ్రద్ధ గురించి ఉపన్యాసాలు చాలా విన్నాం. దాన్ని పరీక్షించే చోటు మాత్రం నెరవే. శ్యామశాస్త్రి గారి శంకరాభరణ కృతి "సరోజదళనేత్రి"లో "సామగాన వినోదిని" దగ్గర జరిగే నెరవుతో పోల్చి చూడండి. అక్కడ సంస్కృత సమాసం కాబట్టి మాట పొడవుగా సాగుతుంది, విరుపు తావులు వేరు.

ఇప్పుడు ప్రసిద్ధమైన కచేరీల దగ్గరికి వద్దాం. 1963లో ఎడిన్‌బరో ఉత్సవం, 1966 అక్టోబర్ 23న ఐక్యరాజ్యసమితి, 1977లో కార్నెగీ హాల్, 1982లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్. పేర్లు గొప్పవి. ఐక్యరాజ్యసమితి కచేరీకి చారిత్రక విలువ ఎంతైనా ఉంది. కంచి చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామి రాసిన "మైత్రీం భజత" ఆ సందర్భం కోసం పుట్టింది, రాజాజీ రాసిన ఇంగ్లిషు ప్రార్థన అక్కడ పాడారు. కాని కచేరీగా నా మొదటి ఓటు దానికి వేయను. అది సర్వసభ్యసభ మందిరం, ప్రసంగాల కోసం కట్టిన చోటు. ఎదుట కూర్చున్నవారిలో చాలామందికి ఈ సంగీతం కొత్త. అలాంటిచోట నెరవును ఇరవై నిమిషాలు నడపరు, నడపకూడదు కూడా. కార్నెగీ హాల్ 1891 నుంచి సంగీతం కోసమే ఉన్న చోటు. అక్కడి రికార్డులో గొంతు చుట్టూ గాలి వినబడుతుంది. పక్కన రాధా విశ్వనాథన్ గాత్రం, కండదేవి అళగిరిస్వామి వయొలిన్, గురువాయూర్ దొరై మృదంగం. విదేశీ వేదికల్లో నా మొదటి ఎంపిక అదే. అంతకన్నా పైన మద్రాసు సభల కచేరీలు, ఆకాశవాణి ప్రసారాలు. తాళం వేస్తూ కూర్చునే శ్రోతలు ఎదురుగా ఉంటే పాట నడక వేరు.

విడుదలైన ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) గురించి ఒక మాట. ఎల్పీ ఒక్కో వైపు 22 నుంచి 25 నిమిషాలు. రెండు వైపులా కలిపితే 50 నిమిషాలు మించదు. రెండు ఎల్పీల సెట్టయినా గంటా నలభై నిమిషాలు దాటడం కష్టం. నిండు కచేరీ రెండున్నర, మూడు గంటలు. అంటే కంపెనీ కూడా కోసే ఉంటుంది. ఒక వైపు నిండేలోగా ముగిసే పాటలు ఏరుతారు, చప్పట్లు తగ్గిస్తారు, తని తీసేస్తారు. కవరు మీద ఉన్న వరుస వేదిక మీది వరుసే అని నమ్మకండి. సీడీల్లో మళ్లీ వచ్చినప్పుడు వరుస ఇంకోసారి మారడమూ ఉంది.

ఇక తేదీ తేల్చడం. ఇక్కడే కోసినవాళ్లు ఎక్కువ నష్టపోయేది. ప్రకటనలు, ఉపన్యాసాలు విసుగని తీసేస్తారు. తేదీ చెప్పేవి అవే! పరిచయం చేసేవారు "పద్మభూషణ్" అని ఆగిపోతే 1954 తర్వాతిది, బహుశా 1975కు ముందుది, ఎందుకంటే 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. "సంగీత కళానిధి" అన్నారంటే 1968 తర్వాతే. మగసేసే పురస్కారం ప్రస్తావన వస్తే 1974 తర్వాత. ఆమె కచేరీల్లో ఎన్నో ఏదో ఒక మంచి పనికి విరాళాల కోసం చేసినవి, మగసేసే ఇచ్చిందే ఆ సేవకు. అలాంటి కచేరీ మధ్యలో నిర్వాహకుడు లేచి ఆసుపత్రి పేరో, బడి పేరో చెప్పి కృతజ్ఞతలు చెబుతాడు. ఆ రెండు నిమిషాలు ఉంటే పాత పత్రికల్లో వెతికి రోజుతో సహా పట్టుకోవచ్చు. అది కోసేస్తే ఇక ఊహే.

పాటలూ తేదీ చెబుతాయి, అయితే ఒక వైపు నుంచే. "మైత్రీం భజత" ఉంటే 1966 అక్టోబర్‌కు ముందుది కాదు. లేకపోతే ఏమీ తెలియదు. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం 1979-80లో చేసిన బాలాజీ పంచరత్నమాల పాటలు, ముఖ్యంగా అన్నమయ్యవి, తుక్కడాల్లో (చివర పాడే చిన్న పాటల్లో) వరసగా వినబడితే ఆ కాలమో, ఆ తర్వాతో అని మొగ్గు చూపవచ్చు, ఖాయం చేయకూడదు. రెండో గొంతు ఎవరిదో గుర్తుపట్టడం ఇంకా గట్టి ఆధారం. దశాబ్దాలపాటు అది రాధ గారిది. ఆమె జబ్బుపడ్డాక వినబడే గొంతులు వేరు. మృదంగం టి.కె. మూర్తి గారిదా కాదా అన్నది తని ఉంటేనే కదా నిమ్మళంగా తేలేది. అందుకే తనిని ఉంచండని ఇంతగా బతిమాలేది. 1997లో సదాశివం గారు పోయాక ఆమె సభల్లో పాడలేదు. "1999 కచేరీ" అని రాసి ఉన్న క్యాసెట్ మీకు దొరికితే అది కాపీ చేసిన సంవత్సరమని అర్థం. అలాగే "1958 క్యాసెట్" అన్నా అంతే. క్యాసెట్ పుట్టిందే 1963లో. అసలు స్పూలు (పాతకాలపు పెద్ద టేపు చుట్ట) మీద ఉండి ఉంటుంది, మీ చేతిలో ఉన్నది దాని కాపీ, లేదా కాపీకి కాపీ.

సరే, ఇప్పుడు చేతిపనికి వద్దాం. ఇంట్లో క్యాసెట్ ఉంది, కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

క్యాసెట్‌ను ముందు చేత్తో పట్టుకుని చూడండి. టేపు నొక్కే చిన్న ఫెల్ట్ దిండు ఉందా, జిగురు ఊడి పడిపోయిందా? అది లేకపోతే శబ్దం మసకబారి వచ్చిపోతూ ఉంటుంది, మెషీన్‌దే తప్పనుకుంటాం. స్క్రూలు ఉన్న డబ్బా అయితే విప్పి టేపును మంచి డబ్బాలోకి మార్చవచ్చు. సీ-60 (మొత్తం 60 నిమిషాల క్యాసెట్) టేపు మందం 18 మైక్రాన్లు, సీ-90 టేపు 12, సీ-120 టేపు 9. ఈ మూడోది ఇట్టే సాగుతుంది, రోలర్‌కు చుట్టుకుంటుంది. దాన్ని పదేపదే వెనక్కీ ముందుకీ తిప్పకండి. మిగతావాటిని మాత్రం ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ మొదటికి తెచ్చి మొదలుపెడితే చుట్ట సమంగా పడుతుంది.

హెడ్డును (టేపును చదివే భాగాన్ని) 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తర్వాత అజిముత్, అంటే హెడ్డు వాలు. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. రికార్డు చేసిన మెషీన్ హెడ్డు ఏ వాలులో ఉందో మీ హెడ్డు కూడా అదే వాలులోకి రావాలి. లేకపోతే పై స్థాయి ధ్వనులు చచ్చిపోతాయి. రెండు ఛానళ్లనూ కలిపి మోనోలో వింటూ స్క్రూను వెంట్రుకవాసి కదపండి. "స", "శ" అక్షరాలు, మృదంగం చాపు దెబ్బ ఎక్కడ స్పష్టంగా పలికితే అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ ఇది విడిగా చేయాలి, ఒక్కోసారి ప్రతి వైపుకూ. క్యాసెట్లు ఎక్కించేవాళ్లలో పదికి తొమ్మిదిమంది వదిలేసే మెట్టు ఇదే. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని తిరిగి తేలేదు. ఒక చిక్కు ఉంది. మీడియం వేవ్ రేడియో నుంచి పట్టిన రికార్డులో 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ ఉండదు కాబట్టి "శ" మీద పెద్ద తేడా తెలియదు. అప్పుడు ప్రసారానికి ముందూ వెనకా ఉన్న గరగరను చూసి సరిచేయాలి. చూశారా, ఆ గరగర కూడా కోయకూడనిదే!

డాల్బీ (టేపు బుసను తగ్గించే ఏర్పాటు) సంగతి. క్యాసెట్ మీద గుర్తు లేకపోతే ఆపే ఉంచండి. లేని డాల్బీని వేస్తే గొంతు మీద దుప్పటి కప్పినట్టవుతుంది. సామాన్య ఫెర్రిక్ టేపుకు ప్లేయర్‌లోని టేపు రకం స్విచ్‌లో 120 మైక్రోసెకన్ల అమరిక, క్రోమ్‌కు 70. ఇది తప్పితే గొంతు మొద్దుగానో, గీచినట్టుగానో వస్తుంది.

కంప్యూటర్‌లోకి 24 బిట్లు, 48 లేదా 96 కిలోహెర్ట్జ్. 96 అయితే గంటకు సుమారు 2 గిగాబైట్లు, 48 అయితే అందులో సగం. ఫ్లాక్ అనే ఫైలు రకంగా మారిస్తే ఇంకా తగ్గుతుంది, నాణ్యత ఏమీ పోదు. లెవెల్ పెట్టేటప్పుడు వర్ణం విని పెట్టకండి. కచేరీలో పెద్ద శబ్దాలు తనిలోనూ చప్పట్లలోనూ ఉంటాయి. టేపును తని దగ్గరికి తీసుకెళ్లి, మృదంగం తీర్మానం (ముగింపు వాయింపు) మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టి, మళ్లీ మొదటికి రండి. మధ్యలో బటన్ ముట్టకండి. ముట్టుకుంటే కచేరీలోని సహజమైన ఎత్తుపల్లాలు పోయి, చివరి భజన ప్రధాన కృతంత గట్టిగా మోగుతుంది.

సీ-90 అంటే వైపుకు 45 నిమిషాలు, చివర ఒకటో రెండో అదనం. సరిగ్గా రాగం మధ్యలో వైపు మారడం మామూలే. అక్కడ అరనిమిషమో నిమిషమో పోయి ఉంటుంది. రెండు కొసలూ అతుకు తెలియకుండా కలిపేవాళ్లున్నారు. దయచేసి వద్దు. రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంచి, పక్కన రాసుకోండి. అదే కచేరీని ఇంకొకరు వేరే మెషీన్‌తో పట్టి ఉంటే ఆ ముక్కను తెచ్చి పూరించవచ్చు, కానీ ముందు రెండింటి వేగం ఒకటి చేయాలి.

వేగం అన్నాను కదా, అసలు గొడవంతా అక్కడే ఉంది. టేపు వేగం 6 శాతం పెరిగితే అరశ్రుతి పెరుగుతుంది, అంటే ఆధారస్వరం ఒక స్వరస్థానం పైకి పోతుంది. అయిదు శ్రుతిలో పాడింది అయిదున్నరలో వినబడుతుంది. రెండు గంటల కచేరీ 113 నిమిషాల్లో ముగుస్తుంది. బిర్కాలు (వేగంగా దొర్లే స్వరాలు) మరీ చురుగ్గా, గొంతు కాస్త పిల్లగొంతులా ఉంటే అనుమానించండి. "ఆ రోజుల్లో గొంతు ఎంత లేతగా ఉండేదో" అని మురిసిపోయే రికార్డుల్లో కొన్ని కేవలం వేగంగా తిరుగుతున్న టేపులు. (నవ్వులు)

దీన్ని పట్టడానికి ఒక దారి కరెంటు హమ్, అంటే కరెంటు వల్ల పడే మూలుగు. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్. రికార్డు చేసినప్పుడే ఆ హమ్ టేపులో పడి ఉంటుంది. స్పెక్ట్రమ్‌లో (ధ్వనిని హెర్ట్జ్ వారీగా చూపే పటంలో) చూస్తే ఒక గీత సరిగ్గా 50 దగ్గర ఉంటుంది, అది మీ ఇంటి మెషీన్ ఇప్పుడు కలిపింది. ఇంకో గీత 51.8 దగ్గర ఉందనుకోండి, అది టేపులోది, టేపు 3.6 శాతం వేగంగా తిరుగుతోందని చెబుతోంది. అమెరికాలో పట్టినది అయితే 60 దగ్గర వెతకాలి. అయితే పాత రోజుల్లో మన గ్రిడ్ 49కీ, ఇంకా కిందికీ జారడం మామూలు. కాబట్టి రెండు మూడు శాతం సందేహం ఎప్పుడూ మిగులుతుంది. హమ్ చెప్పినదాన్ని అదే కాలానికి చెందిన, వేగం ఖాయంగా తెలిసిన ఇంకో కచేరీ శ్రుతితో పోల్చాలి. అన్ని దశాబ్దాల కచేరీలనూ ఒకే శ్రుతికి లాగిపెట్టేవాళ్లున్నారు. గాయకుల శ్రుతి వయసుతో పాటు తగ్గడం సహజం. 1950ల కచేరీనీ 1980ల కచేరీనీ ఒకే శ్రుతిలోకి తెచ్చారంటే కనీసం ఒకదాన్ని పాడుచేశారు.

బ్యాటరీల మెషీన్ ఒళ్లో పెట్టుకుని సభలో పట్టిన రికార్డుల్లో ఇంకో జబ్బు. బ్యాటరీ నీరసించే కొద్దీ మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా రికార్డయినది మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతి పైకి పోతుంది. కచేరీ సాగుతున్న కొద్దీ మెల్లగా ఎక్కుతూ ఉంటుంది. దీన్ని మధ్యమ శ్రుతితో కలగాపులగం చేయకండి. పున్నాగవరాళి, నాదనామక్రియ, కురంజి, సెంచురుట్టి లాంటి రాగాల్లో పాడేటప్పుడు మధ్యమాన్ని షడ్జంగా పెట్టుకోవడం సంప్రదాయం, తంబురాలో పంచమం తీగను మధ్యమానికి దించుతారు. అది ఒక్కసారిగా వచ్చే మార్పు, దాని ముందు తీగ సరిచేసిన చప్పుడు వినబడుతుంది. బ్యాటరీది జారుడు, దానికి గుర్తు ఉండదు. ఆ తంబురా సరిచేసిన అరనిమిషాన్ని కోసేసినవారికి ఈ రెండింటి తేడా తెలిసే దారి లేదు.

ఇక శబ్దం శుభ్రం చేయడం. సాఫ్ట్‌వేర్ "పాట లేని చోటు చూపించు, అక్కడున్న గోలను నేర్చుకుని అంతటా తీసేస్తాను" అంటుంది. మనం ఆలాపనకు ముందున్న నాలుగు సెకన్లు చూపిస్తాం. అక్కడ ఉన్నదేమిటి? తంబురా! అది దాన్ని గోల అనుకుని కచేరీ అంతా తుడిచేస్తుంది. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు, చుట్టూ శూన్యంగా తయారవుతుంది. హిస్ (టేపు బుస) తీయాలనుకుంటే తంబురా కూడా మొదలవక ముందున్న టేపు తొలి క్షణాన్ని చూపించండి. 6 డెసిబెల్స్ కన్నా ఎక్కువ తీయకండి. మోనో రికార్డు స్టీరియోలో ఎక్కితే రెండు ఛానళ్లలో బాగున్న ఒకదాన్నే తీసుకోవడం మేలు. హెడ్డు వాలు కాస్త తేడాగా ఉన్నప్పుడు రెండూ కలిపితే పైస్థాయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. "నిశ్శబ్దాలు తొలగించు" అనే బటన్ జోలికి మాత్రం పోవద్దు. ఏం చేసినా, అసలు ఎక్కించిన ఫైలును ముట్టకుండా పక్కన పెట్టి కాపీ మీదే చేయండి.

వినడానికి పాటలుగా కావాలంటే ఫైలును ముక్కలు చేయక్కర్లేదు. ఏ నిమిషంలో ఏది మొదలైందో రాసిన చిన్న క్యూ ఫైలు పక్కన పెడితే ప్లేయర్ పాటలుగానే చూపిస్తుంది. పేరు పెట్టేటప్పుడు ముందు సంవత్సరం, నెల, రోజు, తర్వాత ఊరు, సభ, పక్కవాయిద్యాలు. తెలియనిచోట ఖాళీ వదలండి. అందంగా ఉంటుందని "డిసెంబర్" అని వేయకండి, ఒకసారి రాస్తే అది పది చేతులు మారి చరిత్ర అయిపోతుంది. ఎవరి టేపు, ఎన్నో కాపీ, ఏ మెషీన్ మీద, వేగం ఎంత మార్చారు, ఇవి ఒక చిన్న పాఠ్య ఫైలులో ఉంచండి. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఇంట్లో.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: మా దగ్గర ఎంపీ3లే ఉన్నాయి. ఫ్లాక్‌గా మార్చి దాచమంటారా?

మార్చకండి. పోయింది తిరిగి రాదు, పైగా తర్వాత చూసినవాళ్లు అది అసలు నుంచి ఎక్కించిందనుకుంటారు. ఎంపీ3ని ఎంపీ3గానే ఉంచి, ఎవరి నుంచి వచ్చిందో రాసి, ఆ టేపు ఇంకా ఉందేమో వాకబు చేయండి. చాలాసార్లు అటక మీదే ఉంటుంది.

ప్రశ్న: ఇవి నెట్‌లో పెట్టవచ్చా?

మన కాపీరైట్ చట్టంలో ధ్వని రికార్డులకు విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు, ప్రదర్శకుల హక్కుకు ప్రదర్శన జరిగిన తర్వాతి సంవత్సరం నుంచి 50 ఏళ్లు. రేడియో ప్రసారానికి ప్రసార సంస్థ హక్కు వేరేగా ఉంటుంది. కాబట్టి "పాతదే కదా" అనుకుని పెట్టేయకండి, ఒక్కో రికార్డుకూ లెక్క చూసుకోండి. దాచడానికి, పెట్టడానికి ముడిపెట్టక్కర్లేదు. ఎక్కించే పని ఇవాళే చేయవచ్చు.

ప్రశ్న: కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? మూడు గంటలు కూర్చోలేరు కదా.

ఆకాశవాణి జాతీయ కార్యక్రమం లాంటి గంటన్నర ప్రసారం ఏదైనా దొరికితే దానితో. అంతకాలానికి సరిపడేలా కచేరీ మొత్తం కుదించి కట్టినది కాబట్టి ఏదీ తెగిపోయి ఉండదు. తర్వాత కార్నెగీ. ఆపైన మద్రాసు కచేరీ ఒకటి, మధ్యలో లేవకుండా. మైత్రీం భజత ఎలాగూ విని ఉంటారు.

ప్రశ్న: మా నాన్నగారి స్పూలు టేపులు ఉన్నాయి. ఒకదాంట్లో పుల్లటి వాసన వస్తోంది.

వెనిగర్ వాసనా? అయితే అది ఎసిటేట్ టేపు, కుళ్లడం మొదలైంది. వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి, చుట్టలోంచి కాంతి కనబడితే ఎసిటేటే. ముందు దాన్నే ఎక్కించాలి, ఆలస్యమైతే ముడుచుకుపోయి హెడ్డుకు ఆనదు. వేగంగా తిప్పకండి, తెగుతుంది. వేగం సెకనుకు 19 సెంటీమీటర్లా, 9.5 సెంటీమీటర్లా అన్నది వింటేనే తెలిసిపోతుంది, తప్పితే శ్రుతి స్థాయికి స్థాయి మారుతుంది. ఇంకో రకం ఉంది, వాసన ఉండదు కానీ తిప్పితే కీచుమంటూ గోధుమరంగు జిగట హెడ్డుకు అంటుతుంది. అలాంటిది వెంటనే ఆపేయండి. దాన్ని తక్కువ వేడిలో గంటలకొద్దీ ఆరబెట్టే పద్ధతి ఉంది గానీ అది తెలిసినవాళ్ల పని, వంటింటి ఓవెన్‌తో చేసేది కాదు. ఎసిటేట్‌కు ఆ పద్ధతి అసలు పనికిరాదు. పుల్లటి వాసన ఉన్న స్పూలును మాత్రం ఇవాళే మిగతావాటి నుంచి వేరుచేసి, గాలి తగిలే అట్టపెట్టెలో పెట్టండి. ఆ ఆవిరి పక్క టేపులకూ పాకుతుంది.